కండెలపేట పెడమొగం తల్లి

వాగు దాటి ఊళ్ళోకి వచ్చే దారిలో, కండెలపేట మొదట్లోనే ఎడమచేతివైపు పెడమొగం తల్లి గుడి ఉంది. బస్సు దిగి ఎవరినడిగినా చూపిస్తారు. గుడి చిన్నది. గర్భాలయానికి తలుపులు లేవు, చుట్టూ ప్రహరీ కూడా లేదు. అమ్మవారు నల్లరాతి మూర్తి, ఒడిలో పసిబిడ్డతో కూర్చుని ఉంటుంది. ముఖం బాటసారుల వైపు, వీపు పేట వైపు. ఏ ఊళ్ళోనైనా గ్రామదేవత తన బిడ్డలను చూస్తూ ఉంటుంది కదా, ఇక్కడ ఎందుకిలా అని కొత్తగా వచ్చిన భక్తులు అడుగుతారు. మా పేటవాళ్ళు మాట మారుస్తారు. అందుకే ఈ పుస్తకం వేయవలసి వచ్చింది.

పూర్వం ఇక్కడ నేతగాళ్ళు మాత్రమే ఉండేవారు. వారికొక కట్టుబాటు ఉండేది. పేటకు సంబంధించిన ఏ పని చేయాలన్నా ప్రతి ఇంటివారూ నూలు చుట్టిన కండె ఒకటి తెచ్చి కులపెద్ద ముందు పెట్టాలి. అన్ని ఇళ్ళ కండెలూ వస్తేనే ఆ పని జరుగుతుంది. ఆ సంగతి తేలేదాకా ఏ ఇంటా మగ్గం ఆడకూడదు. ఒకరిని కాదని ఇంకొకరం ఏ పనీ చేయం అని వారు గొప్పగా చెప్పుకునేవారు.

ఒక ఏడాది దొంగలు పడి మగ్గాల మీది చీరలు కోసుకుపోయారు. పేట చుట్టూ గోడ ఎత్తి, వీధి మొదట్లో తలుపు పెట్టాలన్నాడు కులపెద్ద సాంబలింగం. అందరూ కండెలు తెచ్చారు. మంత్రసాని గురవమ్మ ఒక్కతే తేలేదు. సాంబలింగంతో సహా పేటలో వాళ్ళందరూ ఆమె చేతుల్లో పుట్టినవాళ్ళే. చుట్టుపక్కల ఊళ్ళకూ ఆమే దిక్కు. ఏ వేళ కబురొస్తే ఆ వేళ బయలుదేరేది.

"దొంగ గోడ దూకి వస్తాడు నాయనా. తలుపు ముందు నిలబడి పిలిచేది మన మనిషే" అందామె.

ఎవరూ ఆమెను కసరలేదు. మగ్గాలు ఆగాయి, అంతే. మెల్లగా పొయ్యిలు వెలగడమూ ఆగింది. పిల్లలను చంకనేసుకుని తల్లులు వచ్చి ఆమె గడప ముందు ఊరికే కూర్చునేవారు. ఆ పిల్లలందరికీ పురుడు పోసింది తానే. వాళ్ళ ముఖాలు చూడలేక గురవమ్మ తన కండె తీసుకెళ్ళి పెట్టేసింది. గోడ లేచింది, తలుపు పెట్టారు. పగటిపూట తెరిచే ఉంచుతారు. ఏదైనా ఆపద వచ్చి మూసిన తలుపును తిరిగి తీయాలంటే మాత్రం మళ్ళీ అన్ని ఇళ్ళ కండెలూ రావాలన్నారు.

ఆ వేసవిలో పక్క ఊళ్ళలో గత్తర, అదే వాంతుల జబ్బు, లేచింది. గురవమ్మ అటువైపే కాన్పుకు వెళ్ళింది. ఆమె వెళ్ళాక సంగతి తెలిసి పేట తలుపు మూసేశారు. ఆమె తిరిగొచ్చేసరికి ఎండ నడినెత్తిన ఉంది. చేతిలో తల్లి చచ్చిపోయిన పసికందు. పాలిచ్చే తల్లి పేటలో దొరక్కపోతుందా అని తెచ్చింది. తలుపు కొట్టింది.

"అందరి కండెలూ రానీ అత్తా, తీస్తాను" అన్నాడు లోపల్నుంచి సాంబలింగం.

ఆమె ఒక్కొక్కరినీ పేరుపెట్టి పిలిచింది. బిడ్డకు గొంతు ఎండిపోతోందని చెప్పింది. తాను బయటే ఉంటానని, బిడ్డను తీసుకుంటే చాలని బతిమాలింది. ఎవరూ వద్దనలేదు. ఎవరూ కండె తేనూ లేదు. ముందు పక్కింటివాళ్ళు పెట్టనీ, చూద్దాం అని ప్రతి ఇంటివారూ అనుకున్నారు. సాంబలింగం తన కండె చేతిలో పట్టుకుని అడ్డగడియ పక్కనే నిలబడ్డాడు, దాన్ని ముట్టుకోలేదు. పొద్దు వాలేసరికి పసిదాని ఏడుపు ఆగింది. కాసేపటికి గురవమ్మ కూడా పిలవడం మానేసింది.

అప్పుడు వచ్చాయి కండెలు, అన్ని ఇళ్ళవీ. తలుపు తీసి చూస్తే ఆమె పేటకు పెడమొగం పెట్టి, బిడ్డను ఒడిలో ఉంచుకుని రాయై కూర్చుని ఉంది. అంత చేసినా గత్తర ఆగిందా అంటే ఆగలేదు. వాగునీళ్ళలో కలిసి బిందెలతోనే ఇంటింటికీ వచ్చింది. పురుడు పోసే చేయి లేక ఆ ఏడాది కాన్పుల్లోనూ ఎందరో పోయారు.

సాంబలింగానికి ఆమె కలలో కనిపించింది. కలలోనూ వీపే. ఒక్కసారి ఇటు తిరగమని, మమ్మల్ని చూడమని ఆయన ఏడ్చాడట.

"పొద్దువాలేదాకా మీ తలుపునే చూశాను నాయనా. ఇంక చూడలేను" అందట ఆ తల్లి.

ఆయన తలుపు విరగ్గొట్టించి, ఆమె కూర్చున్న చోటే గుడి కట్టించాడు. నేటికీ వైశాఖ అమావాస్యనాడు ఉన్న కొద్దిపాటి మగ్గాలూ ఆపి, అమ్మ ఒడిలోని బిడ్డకు పాలు పోస్తారు. తొలి దర్శనమూ తొలి ప్రసాదమూ పరాయి ఊరివారికే.

ఈమధ్య పేటలో గొలుసు దొంగతనాలు జరిగాయి. వీధి మొదట్లో ఇనుప గేటు పెట్టాలా వద్దా అని సంక్షేమ సంఘం వారు ఈ గుడి మండపంలోనే సమావేశమయ్యారు. ఈ కథ చదివి వినిపించాం. శ్రద్ధగా విన్నారు, కొందరు కళ్ళు తుడుచుకున్నారు. గేటు వద్దనేవారు చేయెత్తమంటే అందరూ పక్కవారి చేతుల వైపు చూశారు. ఏకగ్రీవమని రాసుకుని ప్రసాదం తీసుకుని వెళ్ళారు. గుడి గేటుకు బయటే ఉంటుంది కనుక భక్తులకు ఏ ఇబ్బందీ ఉండదు.

బిడ్డలు లేక దూరం నుంచి వచ్చినవారి ఒడి ఈ తల్లి నింపుతుంది. దిక్కులేక వచ్చి గుడిలో నిద్రచేసినవారికి దారి చూపిస్తుంది. కండెలపేటలో పుట్టినవారికి ఫలమేమిటో పెద్దలు చెప్పిపోలేదు. అడగడానికి మాకూ నోరు రాదు.