గోడ దిగిన పెరీన్ అవ్వ

దగ్గరికి జరిగి కూర్చోండి. ఏట్లోకి ఎన్ని పోట్లు వచ్చాయో, ఎన్ని తిరిగి పోయాయో ఎవరూ చెప్పలేనంత వెనకటి మాట ఇది.

ఫ్రాన్సు దేశంలో, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర, తెల్లరాతి గుట్ట మీద తల్వెర్ అనే చిన్న ఊరు ఉండేది. చుట్టూ కోటగోడ. మూడు వైపులా నీళ్ళు. నాలుగో వైపు ఒకే ఒక్క వాకిలి, దానికి మందపాటి చెక్క తలుపులు. ఊరు మొత్తం నలభై గడపలు ఉండవు.

ఆ గోడను ఆనుకుని ఒక చిన్న గదిలో పెరీన్ అనే ముసలామె ఉండేది. నా అన్నవాళ్ళు లేరు. పోటు నీళ్ళు వెనక్కి తీసినప్పుడు బురదలోకి దిగేది. ఆల్చిప్పలు ఏరుకునేది. సూపు కాచుకు తాగేది. ఆమె వచ్చినా పోయినా ఎవరూ తలెత్తి చూసేవాళ్ళు కాదు.

ఒక ఏడాది ఎగువ ఊళ్ళలో విషజ్వరం పుట్టింది. తల్వెర్ పెద్దలు భయపడి, నలభై రోజులు తలుపు తియ్యకూడదని కట్టడి చేశారు. కావలి కాసే అన్సెల్మ్ గడియ వేశాడు. అతనికి ముగ్గురు పసిపిల్లలు.

మర్నాడు పొద్దున ఒక పడవ కొట్టుకొచ్చి గోడ కింద బురదలో దిగబడింది. అందులో ఒక మగమనిషి, అతని భార్య, ముసలి తండ్రి, ఇద్దరు ఆడపిల్లలు.

"ఎవరు మీరు? ఏ ఊరు? జ్వరం ఉందా?" గోడ మీంచి అడిగాడు అన్సెల్మ్.

"మా నాన్న ఒళ్ళు కాలిపోతోంది బాబూ. కాస్త లోపలికి రానివ్వండి" అన్నాడు పడవలోని మగమనిషి.

"తలుపు తియ్యను."

ఆ రోజు పెరీన్ తాడు కట్టి నీళ్ళ కూజా దింపింది. పడవవాళ్ళు తాగారు. రెండో రోజూ అన్సెల్మ్ అదే అడిగాడు, అదే చెప్పాడు. పెరీన్ రొట్టె దింపింది. వాళ్ళు తిన్నారు. మూడో రోజు సూపు కుండ దింపింది. తాడు విప్పేవాళ్ళే లేరు. అందరూ పడవలో వాలిపోయి ఉన్నారు. చిన్నపిల్ల ఒక్కతే చెయ్యి చాపింది. కుండ అందలేదు. చెయ్యి దించేసింది.

పెరీన్ కావలివాడి దగ్గరికి వెళ్ళింది.

"నన్ను తాడు కట్టి కిందికి దింపు నాయనా."

"దిగితే మళ్ళీ పైకి లాగను అవ్వా."

"లాగొద్దు. నీకు పిల్లలున్నారు. నాకు ఎవరున్నారు?"

అన్సెల్మ్ దింపాడు.

పెరీన్ పడవ తెరచాప విప్పి ఒడ్డున, వాకిలికి దగ్గరగా గుడారం వేసింది. ఒక్కొక్కరినే అందులోకి చేర్చింది. రోజూ పొద్దున బయటికొచ్చి గోడ వైపు కేక వేసేది.

"గోడ మీది నాయనా, ఈ రోజు ఆరుగురం!"

ఆ కేక విని ఊళ్ళో ఆడవాళ్ళు పాలు దింపారు, రొట్టె దింపారు, దుప్పట్లు దింపారు. కొన్నాళ్ళకి ముసలాయన పోయాడు. "ఈ రోజు అయిదుగురం!" తరవాత పిల్లల తల్లి పోయింది. "ఈ రోజు నలుగురం!" అంది పెరీన్.

అక్కణ్ణించి రోజూ నలుగురమే. ఊరంతా గోడ మీదికి వచ్చి, ఆ మాట విన్నాకే పొయ్యి ముట్టించేవాళ్ళు. ఇన్నేళ్ళూ తలెత్తి చూడనివాళ్ళు ఆమె గొంతు కోసం చెవులు రిక్కించారు.

ముప్పై ఎనిమిదో రోజు కేక వేసింది పెద్దపిల్ల.

"ఈ రోజు నలుగురం! కానీ అవ్వ లేవడం లేదు!"

అన్సెల్మ్ పరుగున వెళ్ళి గడియ మీద చెయ్యి వేశాడు. ఊళ్ళో ఎవరూ అడ్డం రాలేదు. గడియ చప్పుడుకి గుడారంలోంచి సన్నగా అవ్వ మాట వినిపించింది.

"తియ్యకు నాయనా. ఇంకా రెండు రోజులుంది. పిల్లలున్న ఊరు."

అతను గడియ పట్టుకుని ఏడ్చాడు. తియ్యలేదు.

మర్నాడు పొద్దున పిల్ల మళ్ళీ కేక వేసింది.

"ఈ రోజు ముగ్గురం."

గడువు తీరింది. ఊరంతా బయటికొచ్చింది. తండ్రినీ ఇద్దరు పిల్లలనీ చేతులు పట్టుకుని లోపలికి తీసుకెళ్ళారు. అవ్వకి శవపెట్టె చెయ్యాలంటే ఊళ్ళో చెక్క లేదు, ఉన్నదంతా పొయ్యిల్లోకి పోయింది. అన్సెల్మ్ ఎవరినీ అడక్కుండా వాకిలి తలుపు ఊడదీసి వడ్రంగి ముందు పెట్టాడు. పెద్దలు చూశారు. ఒక్కరూ వద్దనలేదు.

ఆ వాకిలికి మళ్ళీ తలుపు పెట్టలేదు. ఇప్పటికీ తల్వెర్‌లో ఎవరి ఇంటి ముందు ఎవరు నిలబడినా "ఎవరు మీరు, ఏ ఊరు" అని అడగరు. ముందు "లోపలికి రండి" అంటారు. సూపు పోస్తారు. గిన్నె ఖాళీ అయ్యాకే పేరు అడుగుతారు.