ఎడమ కాలికి వచ్చిన ఉద్యోగం

"మా ఊరి పెద్దలూ మా తెలివిగలోళ్ళూ
వాన కురిసిందనీ వల వేసి పట్టారూ
పొద్దు కుంగిందనీ నిచ్చెనేసి ఎక్కారూ..."

అక్కడిదాకా వస్తుంది సింగారమ్మకి. తర్వాతి చరణంలో ఒక మేకపిల్ల ఉంది, దాని మెడలో ఏదో ఉంది. గంటో గుమ్మడికాయో, ఎంత తన్నుకున్నా గుర్తు రాదు. చిన్నప్పుడు నాట్ల చేలో నేర్చుకున్న పాట అది. ఇన్నేళ్ళ తర్వాత గోరింటపాలెం మండలాఫీసు మెట్ల మీద కూర్చుంటే ఊరికే నోట్లోకి వచ్చేసింది. ఎందుకొచ్చిందంటే, ఎదురుగా గోడ మీద ఒక బోర్డు ఉంది. సింగారమ్మ కూడబలుక్కుని చదివింది. అరవై ఒకటో ఏట మనవరాలి దగ్గర పలకా బలపం పట్టిన మనిషి, ఏ బోర్డు కనిపించినా వదిలిపెట్టదు.

"ఇచ్చట రాసినది రాసినట్టే చేయబడును."

ఆ ఆఫీసులో ముగ్గురే ముగ్గురు. సూపరింటెండెంటు వైకుంఠరావు, గుమస్తా జోగినాథం, బంట్రోతు గవర్రాజు. తమ తెలివంటే ముగ్గురికీ మహా గర్వం.

"మామ్మగారూ, అసలు తప్పులెందుకు జరుగుతాయో తెలుసా?" అన్నాడు వైకుంఠరావు, బోర్డు చదివినందుకు ముచ్చటపడిపోయి. "ఆలోచించబట్టి! మేం ఆలోచించం. అందుకే ఇరవై ఏళ్ళుగా ఈ ఆఫీసులో ఒక్క తప్పు లేదు."

"ఆయ్," అన్నాడు గవర్రాజు. "అప్పుడెప్పుడో 'తలుపులు మూసి ఉంచవలెను' అని పైనుంచి కాగితం వస్తే, మూసేసి, తాళం వేసేసి, మూడు రోజులు బయట అరుగు మీదే ఉన్నామండి. వానొచ్చినా తెరవలేదండి."

"అమ్మో!" అంది సింగారమ్మ.

ఆవిడ వచ్చిన పని మనవరాలు పేరిందేవిది. ఆ పిల్లకి పుట్టుకతోనే ఎడమ కాలు సన్నం, చంకకర్ర లేనిదే అడుగు పడదు. నోరూ బుర్రా మాత్రం పరుగే పరుగు. బీకాం చదివింది, కంప్యూటరు నేర్చుకుంది. వికలాంగుల కోటాలో ఈ ఆఫీసులోనే ఉద్యోగం ఇచ్చామని కాగితం వచ్చింది. తల్లీతండ్రీ లేని పిల్ల. మామ్మా మనవరాలూ ఆ పిల్ల పెన్షన్ మీదే ఇంత వండుకుంటున్నారు. ఉద్యోగం కాగితం వచ్చిన పూటే జోగినాథం ఆ పెన్షన్ కొట్టేశాడు. ఉద్యోగం ఉన్నవాళ్ళకి పెన్షన్ ఉండదని రాసుందిట. పోనీలే, ఉద్యోగం ఉందిగా అనుకున్నారు ఇద్దరూ. అంతే, అక్కడే పప్పులో కాలేశారు.

వైకుంఠరావు, వైకల్యం ఉందని డాక్టర్లిచ్చిన సదరం సర్టిఫికెట్ పేరిందేవి చేతిలోంచి అందుకుని అటు తిప్పాడు, ఇటు తిప్పాడు.

"ఇక్కడేం రాసుంది జోగినాథం?"

"వైకల్యం, ఎడమ కాలు, అని రాసుందండి."

"కుడి కాలు?"

"దాని ఊసే లేదండి."

"చేతులు?"

"లేవండి. అంటే పిల్లకి ఉన్నాయండి, కాగితంలో లేవండి."

వైకుంఠరావు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "చూడమ్మా, ఈ పోస్టు వికలాంగులకి. నీ ఎడమ కాలికి అర్హత ఉంది, సంతోషంగా లోపలికి రావచ్చు. కుడి కాలు మామూలు కాలు. మామూలు వాళ్ళకి మా దగ్గర ఖాళీల్లేవు. అది బయటే ఉండాలి."

"మరి నా తల, సార్?" అంది పేరిందేవి.

"తల పని చెయ్యదని సర్టిఫికెట్ తెచ్చుకుంటే దాన్నీ రానిస్తాం."

"మీ ముగ్గురూ తెచ్చుకున్నారా సార్?"

"మమ్మల్ని ఎవరూ అడగలేదమ్మా," అన్నాడు వైకుంఠరావు, ఎంతో వినయంగా.

"నాయనా, కాలు వెంట మనిషి రాదా?" అంది సింగారమ్మ.

"వస్తుందేమోనండి. కానీ వస్తుందని ఎక్కడా రాయలేదు కదా!"

ఇంకేముంది! పేరిందేవి ఎడమ కాలు గడప లోపల, కుడి కాలు గడప బయట పెట్టుకుని ఉద్యోగంలో చేరింది. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ ఆ పిల్లని దాటుకుంటూ పోతున్నారు. హాజరు పట్టీలో సంతకం పెడదామంటే జోగినాథం పట్టీ లాగేసుకున్నాడు. చేతులకి ఉద్యోగం లేదుట. గవర్రాజు సిరా తెచ్చి ఎడమ కాలి బొటనవేలికి పూశాడు. మొదటి రోజు వేలిముద్ర పడింది, రెండో రోజు పట్టీ నిండా సిరా పడింది, మూడో రోజు పట్టీయే చిరిగింది.

"దీనికంతటికీ కుర్చీ లేకపోవడమే కారణం," అని తేల్చాడు వైకుంఠరావు. "ఒక్క కాలికి మొత్తం కుర్చీ ఎందుకు? సగం చాలు."

అంతే, గవర్రాజు రంపం తెచ్చి, చేతికందిన కుర్చీని నిలువునా కోసేశాడు. చేతికందింది వైకుంఠరావుదే. ఆయన గారు వెనక్కి చూడకుండా, ఎప్పటిలా దర్జాగా కూర్చున్నాడు. ధబ్బుమన్న చప్పుడుకి పక్క పోస్టాఫీసులో వాళ్ళు కూడా వచ్చి చూశారు.

"నా సగంలో నేను కూర్చున్నాను కదా, మిగతా సగం ఎలా పడింది?" అని నేల మీదినుంచే అడిగాడాయన. జోగినాథం ఆ ప్రశ్న ఫైల్లో రాసుకున్నాడు.

నవ్వుకోడానికి బాగానే ఉంది కానీ, నెల తిరిగేసరికి ఇంట్లో బియ్యం డబ్బా అడుగు కనిపించింది. మనిషి పూర్తిగా చేరలేదు కాబట్టి జీతం లేదన్నారు. కాలు చేరింది కాబట్టి పెన్షనూ లేదన్నారు. పేరిందేవి నోరు కూడా మెత్తబడింది. "మామ్మా, రేపట్నించి వెళ్ళనే," అంది, గోడకి తిరిగి.

సింగారమ్మ ఆ పూట పలక తీసి పక్కన పెట్టి, మొదటిసారి కాగితం అందుకుంది. ఒక్కో అక్షరాన్నీ బతిమాలుకుంటూ, అడ్డదిడ్డంగా అర్జీ రాసింది. "అయ్యా, నా మనవరాలికి ఉద్యోగం ఇస్తారా ఇవ్వరా?" ఆఫీసులో ఇచ్చొచ్చింది.

ప్రతి అర్జీకీ ఏడు రోజుల్లో జవాబు ఇచ్చి తీరాలని ప్రభుత్వం వారి నియమం. సరిగ్గా ఏడో రోజున జవాబు వచ్చింది. "మీ అర్జీ అందినది. ఇది దాని జవాబు." కింద సంతకం, ముద్ర.

"ఇందులో జవాబేదయ్యా?" అంది సింగారమ్మ.

"రాసుంది కదండీ, ఇది జవాబు అని!" అన్నాడు జోగినాథం. "చదవడం వచ్చన్నారు?"

వెనక్కొచ్చి సింగారమ్మ ఇంకో కాగితం తీసింది. ఈసారి జిల్లా అధికారిణి వకుళాదేవి గారికే రాసింది. ఆ అమ్మ మంచిదే కానీ కోపిష్టిది. చదివిన వెంటనే గోరింటపాలేనికీ, కాలువ అవతలి ఉసిరికోట మండలానికీ కలిపి ఒకటే తాఖీదు పంపింది. "సోమవారం తనిఖీకి వస్తున్నాను. ఆనాటికి మీ మండలంలో పెన్షన్ గానీ పని గానీ అందని వికలాంగులు ఒక్కరు కూడా ఉండకూడదు."

వైకుంఠరావు మూడుసార్లు చదివాడు. మొహం వెలిగిపోయింది.

"ఎంతమంది ఉన్నారు జోగినాథం?"

"పేరిందేవితో కలిపి తొమ్మండుగురండి."

"ఉండకూడదని రాసింది కదా? గవర్రాజూ, ట్రాక్టరు కట్టించు."

సోమవారం పొద్దున్నే తొమ్మండుగురినీ ట్రాక్టరెక్కించారు. మనవరాల్ని వదిలి ఉండలేక సింగారమ్మా ఎక్కింది. కళ్ళు కనిపించని హార్మోనియం తాత పెట్టె ఒళ్ళో పెట్టుకుని అడిగాడు. "ఎక్కడికర్రా మమ్మల్ని తోలుకెళ్తున్నారు?"

"మండలం బయటికి తాతా. నీ మంచికే," అన్నాడు గవర్రాజు.

"నా మంచికైతే ఏడాదినించీ తిప్పించుకుంటున్నారు కదరా. ఇంత పొద్దున్నే బండి కట్టారంటే మీ మంచికే అయ్యుంటుంది."

కాలువ వంతెన మీదికి ఎక్కేసరికి ఎదురుగా ఇంకో ట్రాక్టరు. దాన్నిండా చంకకర్రలూ చేతికర్రలూ మూడు చక్రాల బళ్ళూ. ఉసిరికోట వాళ్ళు! ఆ ఆఫీసులోనూ ఇలాంటి తెలివైనవాళ్ళే ఉన్నారని అప్పటిదాకా ఎవరికీ తెలీదు.

"తప్పుకోండి, మావాళ్ళని మీ మండలంలో దింపాలి," అన్నాడు ఉసిరికోట సూపరింటెండెంటు.

"ముందు మేం దింపాలి!"

"మీరెంతమంది?"

"తొమ్మిది."

"మేం పదకొండు. మీకు ఇద్దరు లాభం. ఇంకా ఏడుస్తారేం?"

వైకుంఠరావుకి అది న్యాయంగానే తోచింది. మార్పిడి మొదలైంది. ఈ బండిలో వాళ్ళని ఆ బండిలోకి, ఆ బండిలో వాళ్ళని ఈ బండిలోకి ఎక్కిస్తున్నారు. చంకకర్రలు కలిసిపోయాయి. తాత హార్మోనియం ఉసిరికోట వెళ్ళింది, తాత వెళ్ళలేదు. "నా పెట్టె ఏ మండలమో అదే నా మండలం!" అని తాత ఒకటే కేకలు. సరిగ్గా అప్పుడే వెనకనుంచి జీపు హారన్ మోగింది. వకుళాదేవి గారు.

"ఏమిటిది? వీళ్ళంతా ఎవరు?"

వైకుంఠరావు చేతులు కట్టుకున్నాడు. "వీళ్ళు మావాళ్ళు కారండి, ఉసిరికోట వాళ్ళు. మావాళ్ళు ఆ బండిలో ఉన్నారు. మా మండలమంతా వెతుక్కోండి మేడం, పెన్షన్ అందనివాళ్ళు ఒక్కరు కనిపిస్తే నన్నడగండి!"

ఆవిడ తిట్లు అందుకుంది. ఆ మాటలు వంతెన కింద చేపలక్కూడా వినపడ్డాయి. ముగ్గురూ తలలూపుతూ విన్నారు. పొగుడుతోందేమో అనుకుంటున్నారని వాళ్ళ మొహాలు చూసి సింగారమ్మకి అర్థమైంది. మెల్లిగా బండి దిగింది.

"అమ్మా, వాళ్ళనేం అనకు. నువ్వు రాసింది రాసినట్టే చేశారు. ఉండకూడదు అని రాశావు, లేకుండా చేశారు. మనుషుల్ని లేకుండా చెయ్యడం ఎంతసేపమ్మా, ఒక ట్రాక్టరు చాలు. వాళ్ళ కొరత లేకుండా చెయ్యడం కదా నీ పని? అది నువ్వు రాయలేదు."

వకుళాదేవి గారు ఆ ముసలమ్మ వంక చూసింది. ఆమె కోపం చప్పున చల్లారిపోయింది. వంతెన పిట్టగోడ మీద కూర్చుని, పక్కన చోటు చూపించింది.

"తప్పు నాది కూడానండి. నాకు సరిగ్గా రాయడం రాలేదు. మీరే చెప్పండి, ఈసారి ఏం రాయాలో."

సింగారమ్మకి ఒళ్ళంతా సిగ్గు ముంచుకొచ్చింది. తన జన్మలో ఎవరైనా తనని రాత అడుగుతారని అనుకుందా! అయినా చెప్పింది. "పేరిందేవి అనే మొత్తం మనిషిని, రెండు కాళ్ళూ రెండు చేతులూ తలా నోరూ సహా, ఉద్యోగంలో చేర్చుకోవలెను."

"నోరు కూడానా అండి?" అన్నాడు జోగినాథం బెంగగా.

"నోరు ముందు రాయండి మేడం," అంది పేరిందేవి.

ఈ నెల జీతం కూడా ఇవ్వాలని రాసింది వకుళాదేవి గారు. మిగతావాళ్ళందరి పెన్షన్ కాగితాలూ పేరిందేవే చూడాలని రాసింది. ఆఫీసు మెట్ల పక్కన వాలు దారి కట్టాలని రాసింది. ఆఖర్న కోపం మళ్ళీ కాస్త పొంగి, ఇంకో ముక్క తగిలించింది. "రెండు మండలాల్లో ప్రతి ఒక్కరికీ అందేదాకా ఈ ముగ్గురూ కూర్చోకూడదు."

ఇంకేముంది, కూర్చోలేదు. ఆఫీసులో నిలబడ్డారు, బస్సులో నిలబడ్డారు, ఇంట్లో కంచం చేత్తో పట్టుకుని నిలబడి తిన్నారు. పడుకోకూడదని రాయలేదు కాబట్టి పడుకోవచ్చు. కానీ మధ్యలో కూర్చోకుండా పడుకోవడం ఎలా? చెట్టు నరికినట్టు నిటారుగా పడేవారు. జోగినాథం పెళ్ళాం రెండు పరుపులు వేసి, "పడండి కానీ, అన్నం తిన్న వెంటనే పడొద్దు, అరగనివ్వండి," అనేది.

పేరిందేవి మొత్తం మనిషిగా కుర్చీలో కూర్చుంది. ఏళ్ళ తరబడి గూట్లో మగ్గిన కాగితాలు దింపింది. ఇరవై మూడు రోజుల్లో కాలువకి ఇటువైపూ అటువైపూ అందరికీ అందాయి. హార్మోనియం తాతకి రెండూ అందాయి, పెన్షనూ పెట్టే. మొదటి జీతంతో మామ్మకి కళ్ళజోడు కొంది ఆ పిల్ల. ఇరవై నాలుగో రోజు పొద్దున సింగారమ్మ ఆ కళ్ళజోడు పెట్టుకుని, మనవరాలి కోసం కడుతున్న వాలు దారి చూద్దామని వెళ్ళింది. మేస్త్రీ అప్పుడే పచ్చి సిమెంటు నున్నగా మెత్తి, చేతులు కడుక్కోడానికి పక్కకి వెళ్ళాడు.

ఆ పక్కనే ముగ్గురూ నిలబడి ఉన్నారు, కాళ్ళు గుమ్మడికాయల్లా వాచిపోయి.

"అందరికీ అందాయట కదా నాయనా! ఇంకా నిలబడ్డారేం?"

"అందేదాకా కూర్చోకూడదని రాశారండి," అన్నాడు వైకుంఠరావు దీనంగా. "అందాక కూర్చోమని ఎవరు రాశారండి?"

ఆవిడ మనసు కరిగిపోయింది. ఎంత వింత మనుషులైనా కాళ్ళు కాళ్ళే కదా! సంచిలోంచి కాగితం ముక్క తీసి, మోకాలి మీద పెట్టుకుని, ఒత్తులూ దీర్ఘాలూ సరిచూసుకుంటూ ఒక్క మాట రాసి అందించింది. "కూర్చోండి."

వైకుంఠరావు చదివాడు. అంతే! ఉన్నచోట ఉన్నట్టే, ముగ్గురూ ఒక్కసారిగా, హమ్మయ్యా అంటూ ఆ పచ్చి సిమెంటులో కూలబడ్డారు. చతికిలబడ్డ చోట మెల్లిగా లోపలికి దిగుతున్నారు. మేస్త్రీ నెత్తి బాదుకుంటూ పరిగెత్తుకొచ్చాడు. కిటికీలోంచి పేరిందేవి నవ్వలేక కడుపు పట్టుకుంది. సింగారమ్మ "అయ్యో, లేవండి నాయనా, లేవండి!" అని చెయ్యి అందిస్తే, వైకుంఠరావు ఆ చెయ్యి మర్యాదగా పక్కకి పెట్టి, కాగితం తిరగేసి ఆవిడ చేతికే ఇచ్చాడు.

"నోటి మాట మీద మేం లేవం మామ్మగారూ. దీని వెనకవైపు రాసిపెట్టండి. తొందరేం లేదు, సిమెంటు ఆరాక రాసినా సరే!"