ఆగిన ఉయ్యాల చప్పుడు

మా ఊరి పరాంకుశం గారు ఏళ్ల తరబడి సినిమాలకు ఎడిటింగు చేసి, కళ్లు అలిసి, అక్కగారింటికి వచ్చి స్థిరపడిన మనిషి. ఎవరైనా ఏదైనా అడిగితే ఆయన జవాబు చెప్పరు, చెప్పులు వేసుకుంటారు.

ఆ రోజు శిష్యుడు తిరుమలేశు దిగులుగా వచ్చాడు. తన మొదటి సినిమాకు ఆఖరి ఫైటు తీయడానికి డబ్బివ్వనన్నాడట నిర్మాత. ఉన్నదాంతో ముగిస్తావో, మానేస్తావో సాయంత్రంలోగా చెప్పమన్నాడట. "పగ తీర్చుకునే కథ గురువుగారూ. రక్తమే చూపించకపోతే జనం నమ్ముతారా?" అని అడిగాడు.

పరాంకుశం గారు చెప్పులు వేసుకున్నారు. "మ్యాట్నీకి పోదాం, నువ్వూ రావే అక్కా" అని వరహాలమ్మగారిని కూడా బయల్దేరదీశారు.

అది చాలా చిన్న సినిమా. తెలిసిన మొహం ఒక్కటీ లేదు. లైట్లు కూడా పెట్టలేదు, వెలుతురంతా ఎండదే. తమ్ముణ్ని ఒక ఇటుకబట్టీ యజమాని చంపిస్తే, అన్న ఆ యజమానిని వెతుక్కుంటూ వస్తాడు. ఆ యజమాని ఇంట్లో ఉన్నంతసేపూ ఉయ్యాలబల్ల మీదే కూర్చుంటాడు. దాని గొలుసుల చప్పుడును మన చెవులకు మొదటి నుంచీ అలవాటు చేస్తారు. చివరికి అన్న లోపలికి వెళ్లి తలుపు వేసుకుంటాడు. కెమెరా బయటే ఉండిపోతుంది. కిర్రు, కిర్రు. చప్పుడు నెమ్మదిస్తుంది. ఆగుతుంది. అంతే. హాల్లో వేరుశెనక్కాయలు ఒలుస్తున్న చేతులు కూడా ఆగిపోయాయి.

"డబ్బుల్లేక తలుపేసేశారు" అని దారంతా సణిగాడు తిరుమలేశు. "ఆ తలుపు వెనకాల ఏముంది గురువుగారూ? ఏమీ లేదు."



ఇల్లు చేరాక వరహాలమ్మగారు గుమ్మం ముందే నిలబడిపోయారు. "ఒరే అబ్బాయ్, సందులోంచి పెరట్లోకెళ్లి చెంబుతో నీళ్లు పట్రా. కాళ్లు కడుక్కోకుండా లోపలికెలా వస్తాం?"

చావింటికి వెళ్లొచ్చినవాళ్లు అలా చేయడం మా వైపు ఆచారం. తిరుమలేశు పకపకా నవ్వాడు. "అది సినిమా అత్తయ్యగారూ! పైగా పోయినవాడు పరమ దుర్మార్గుడు."

"దుర్మార్గుడైతే? ప్రాణం కాదూ?" అని కసిరారావిడ. "బల్ల గొలుసు పట్టుకుని అలా పక్కకి ఒరిగిపోయాడు, చూళ్లేదూ?"

తిరుమలేశు నవ్వు ఆగింది. వెళ్లి చెంబుతో నీళ్లు తెచ్చాడు. ఆవిడ కాళ్లు కడుక్కుని లోపలికి వెళ్లారు. అతను నిర్మాతకు చెయ్యడానికి జేబులోంచి ఫోను తీశాడు.

పరాంకుశం గారు మిగిలిన నీళ్లున్న చెంబును అతని ముందుకు జరిపారు.

"ముందు నువ్వూ కాళ్లు కడుక్కో నాయనా. ఫోను తర్వాత చేద్దువుగాని."