నల్లతల నోరెత్తరాదు

ఒకానొక రాజ్యంలో నోరు తెరవాలంటే ముందు తల నెరవాలి. రాజ్యమంతటా కాదు లెండి, విద్వత్సభలో మాత్రమే. "కుర్రకారు గురువుల వెనక కూర్చుని వినాలి. తల నెరిసినవాళ్లే మాట్లాడాలి" అని ప్రచండసింహ మహారాజు శాసనం చేసి, రాతిమీద చెక్కించాడు కూడాను.

ఆ ఏడు దిగువపేటలో విషజ్వరాలు చెలరేగాయి. మాచమ అనే పడుచు వైద్యురాలు ఇల్లిల్లూ తిరిగి చూసింది. కాలవనీళ్లు తాగినవాళ్లే మంచాన పడుతున్నారు, బావినీళ్లు తాగినవాళ్లు నిక్షేపంలా ఉన్నారు. ఎగువన తోళ్లు నానబెట్టే గుంటల మురుగు కాలవలో కలుస్తోందని ఆమె కనిపెట్టింది. పరుగున వెళ్లి తన గురువు, ఆస్థాన వైద్యుడు భైరవభట్టుకు చెప్పింది.

"ఇది గ్రహచారమని సభలో చెప్పేశాను. నీ తల నెరిశాక నీ మాట నువ్వు చెప్పుకో," అన్నాడాయన.

"అప్పటికి పేటలో మనుషులు మిగలాలి కదండీ!" అంది మాచమ కళ్లనీళ్లతో.

ఆ కళ్లనీళ్లు చూసి ఆస్థాన హాస్యగాడు తిప్పన సంగతంతా అడిగి తెలుసుకున్నాడు. అతని తల ఎప్పుడో ముగ్గుబుట్ట అయింది. "రేపు సభకు రా తల్లీ. మిగతాది నాకొదిలెయ్," అన్నాడు.

మర్నాడు సభ నిండింది. రాజు గొంతు సవరించుకుని, "విద్వాంసులారా!" అన్నాడో లేదో, తిప్పన లేచాడు.

"మన్నించాలి ప్రభూ. ఇక్కడ మాట్లాడే హక్కు తమకు లేదు."

"ఏమిటా కూత? అరవై దాటినవాణ్ణి నేను!"

"శాసనంలో ఏళ్ల లెక్క లేదు, నెరిసిన తల ఊసే ఉంది. తమ తల కాటుకలా నిగనిగలాడుతోంది. ఒక్క తెల్ల వెంట్రుక చూపించండి, కూర్చుంటాను."

రాజు చెయ్యి జుట్టు మీదికి పోయింది. ప్రతి గురువారం మంగలి రహస్యంగా వచ్చి రాజుగారి జుట్టుకు రంగు వేసి వెళతాడు. ఆ రహస్యం ఊళ్లో తెలియనిది ఎవరికి? రంగు వేయించానని ఒప్పుకుంటే పరువు పోతుంది, ఒప్పుకోకపోతే మాట పోతుంది. పోనీ తిప్పన తల తీయిద్దామన్నా ముందు నోరు తెరవాలాయె!

రాజు గుడ్లురిమాడు. అంతలో ఆయన మీసాలు అదిరాయి, పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడు.

"నెరిసిన తలవాణ్ణి గనక నేనే అడుగుతున్నాను," అన్నాడు తిప్పన చేతులు జోడించి. "ఆ శాసనం కొట్టేద్దామా? తమరు తల ఊపితే చాలు."

రాజు నవ్వుతూనే తల ఊపాడు.

మాచమ లేచింది. కాలవనీళ్ల సంగతీ, తోళ్ల గుంటల సంగతీ విడమరిచి చెప్పింది. సాయంత్రానికల్లా మురుగు దారి మళ్లించారు. నెల తిరక్కుండా దిగువపేట జ్వరాలు తగ్గుముఖం పట్టాయి.

రాజు తిప్పనకు పట్టుశాలువా కప్పి, "ఇంకేం కావాలో కోరుకో," అన్నాడు.

"పెద్దలు ముందు మాట్లాడితే చిన్నవాళ్లు తమ మాట మింగేస్తారు ప్రభూ. ఇకమీదట అందరికన్నా చిన్నవాళ్లతోనే సభ మొదలవ్వాలి."

ఆనాటి నుంచి అక్కడ చిన్నవాళ్లే ముందు మాట్లాడతారు. పెద్దలు తర్వాత మాట్లాడతారు, చెప్పడానికి ఏమన్నా మిగిలితే.