చుట్టాన్ని సాగనంపిన పళ్ళెమ్మ

ఒకప్పుడు ఆకాశంలో ఉంగరంలాంటి గెలాక్సీ ఒక్కటీ ఉండేది కాదు. గెలాక్సీ అంటే తెలుసుగా, కోటానుకోట్ల చుక్కలు కాపురముండే ఊరు. కొన్ని ఊళ్ళు బంతిలా ఉండేవి, కొన్ని పళ్ళెంలా ఉండేవి. అంతే.

అలాంటి ఒక పళ్ళెం పేరు పళ్ళెమ్మ. ఆమెకొకటే దిగులు. ఆమె ఇంట కొత్త చుక్క పుట్టి యుగాలైంది. చుక్కల మధ్య తేలే వాయువు మబ్బులు నాలుగు దగ్గరకొచ్చి ఒత్తుకుంటేనే కదా చుక్క పుట్టేది. ఆమె మబ్బులేమో కాళ్ళు బారజాపుకుని, ఎక్కడివక్కడే పడుకునేవి. ఎంత బతిమాలినా కదలవు. పాత చుక్కలు ఒక్కొక్కటే ఆరిపోతున్నాయి. "ఇలాగైతే నా ఇల్లు చీకటైపోతుంది" అని పళ్ళెమ్మ ఏడ్చేది.

ఒకరోజు ఉరుకులయ్య అనే చిన్న గెలాక్సీ పైనుంచి దూసుకొస్తూ కేకేశాడు. "అత్తా, తప్పుకో. నాకు ఆగడం రాదు. సరిగ్గా నీ నడిమధ్యకే వస్తున్నాను."

"ఇక మన పని అయిపోయింది" అని చుక్కలన్నీ బెంబేలెత్తాయి.

పళ్ళెమ్మకూ భయమేసింది. కానీ అత్తా అని పిలిచినవాణ్ణి పొమ్మంటుందా?

"చుట్టం వస్తున్నాడు, ఎదురెళ్ళండి. వెళ్ళేటప్పుడు పొలిమేర దాకా సాగనంపండి. మన ఇంటి మర్యాద పోకూడదు" అంది.

చుట్టం మాట వినగానే చుక్కలూ, ఆ బద్ధకపు మబ్బులూ కూడా నడిమధ్యకు పరుగెత్తాయి. ఉరుకులయ్య వాటి సందుల్లోంచి సర్రున దూరి కిందకు వెళ్ళిపోయాడు. ఒక్క చుక్కకూ దెబ్బ తగల్లేదు. చుక్కకూ చుక్కకూ మధ్య అంత ఖాళీ మరి. "వెళ్ళొస్తానత్తా" అన్న మాట మాత్రం వినిపించింది.

"కాస్త కూర్చోనైనా లేదే" అని గొణుక్కుంటూ అన్నీ సాగనంపడానికి బయల్దేరాయి. ఎటు? వాడు కిందకు పోతే, ఇవి చుట్టూ ఉన్న అంచుకు పరుగెత్తాయి. పళ్ళెంలో పుట్టినవాళ్ళకు పొలిమేరంటే అంచే కదా, పిచ్చి మాలోకాలు.

అంచు దగ్గర ఒకటే తోపులాట. మబ్బు మీద మబ్బు పడింది. చటుక్కున ఒక నీలి చుక్క వెలిగింది. పక్కనే ఇంకొకటి. తర్వాత వంద, వేయి, లక్ష. చూస్తుండగానే ఊరి చుట్టూ కొత్త చుక్కల ఉంగరం తయారైంది.

పళ్ళెమ్మ సంతోషం పట్టలేకపోయింది. "ఉరుకులయ్యా, ఒకసారి వెనక్కి తిరిగి చూడరా. నా ఇల్లు నిండింది" అని ఆకాశమంతా వినబడేలా పిలిచింది.

అప్పటినుంచే, చిన్న గెలాక్సీ ఏదైనా ఒక పెద్ద పళ్ళెం నడిమధ్యలోంచి సూటిగా దూరి వెళ్ళినప్పుడల్లా, ఆ పళ్ళెం చుట్టూ పసిచుక్కలు నీలంగా ఉంగరం కట్టి వెలుగుతున్నాయి.