కేదారి వేసిన మొదటి ముడి

అనగనగా ఒక అడవి. మామూలు అడవి కాదు, మబ్బులు అలసిపోయి నేల మీదికి దిగి పడుకునే అడవి. పొద్దెక్కినా అక్కడ ఎవరో ఇంకా కల కంటున్నట్టే ఉండేది.

ఒక ఏడు ఆ మబ్బుల్లోంచి మాట్లాడే బొట్లు రాలాయి. నిజంగానే! చేమాకు మీద నీటిబొట్టు ఎలా దొర్లుతుందో మీరు చూశారుగా, అలా దొర్లేవి. ఏం అడిగినా తియ్యటి గొంతుతో జవాబు చెప్పేవి. ఎక్కడ ఏం జరుగుతున్నా తమలో చూపించేవి. ఇంకేముంది, ఎలుగుబంటి దగ్గర్నుంచి ఎలుకపిల్ల దాకా తలా ఒక చేమాకు, అందులో ఒక బొట్టు పెట్టుకుని తిరగడం మొదలుపెట్టారు.

ఆ అడవిలో వాగు ఒడ్డున ఒక తుమ్మచెట్టు. దాని మీద ఒక గిజిగాళ్ళ కుటుంబం. నాన్న ఓబయ్య, అమ్మ సుంకులమ్మ, కొడుకు కేదారి. ముగ్గురూ ఒకే కొమ్మ మీద కూర్చుని గింజలు తినేవారు. కానీ ఓబయ్య తన బొట్టులో పక్క అడవి తగాదాలు చూస్తుండేవాడు. సుంకులమ్మ తన బొట్టులో చెల్లెలి గూడు చూసి "దానిది ఎంత బాగుందో" అని నిట్టూర్చేది. పొరుగింటి పుల్లకూర రుచి కదా! కేదారి తన బొట్టుతో చదువుకునేవాడు. ఒకరి మొహం ఒకరు చూసుకుని ఎన్నాళ్ళయిందో వాళ్ళకే తెలీదు.

కేదారి ఏం చదివేవాడంటారా? కొండ మీద కొంగల కళాశాలలో గూళ్ళ శాస్త్రం. కొంగల గూళ్ళు ఎలా ఉంటాయో తెలుసుగా, నాలుగు పుల్లలు అడ్డదిడ్డంగా పడేసినట్టు. అయినా పాఠం చెప్పేది వాళ్ళే. కొంగ మాస్టారు ప్రశ్న ఇచ్చేవారు. కేదారి బొట్టుని అడిగి జవాబు ఆకు మీద రాసేవాడు. మాస్టారు ఆ ఆకు తీసుకుని, తన బొట్టుకి చూపించి "ఎన్ని మార్కులు వేయమంటావు?" అని అడిగేవారు. బొట్టు రాసింది, బొట్టే దిద్దింది. మధ్యలో మాస్టారు ఒంటికాలి మీద ఓ కునుకు తీశారు. అలా నాలుగేళ్ళు గడిచాయి. కేదారికి మొదటి ర్యాంకు వచ్చింది. మోదుగాకు మీద పట్టా రాసిచ్చారు. ఆ నాలుగేళ్ళలో కేదారి ఒక్క గడ్డిపోచ కూడా ముక్కున పట్టలేదు.

వానాకాలం దగ్గరపడింది. గిజిగాళ్ళకి ఒక ఆచారం ఉంది. గూడు అల్లేది మగపక్షి. ఆడపక్షి వచ్చి, ఒక పోచ పట్టుకుని గట్టిగా లాగి చూస్తుంది. అది ఊడకపోతేనే లోపల గుడ్లు పెడుతుంది. ఏటా ఓబయ్యే అల్లేవాడు. ఈసారి ఈతాకు చీలుస్తుంటే అతని ముక్కు పగిలింది. మూడు రోజులు ఆ పగిలిన ముక్కుతోనే, అదే కొమ్మ మీద, వాళ్ళ పక్కనే కూర్చుని గింజలు తిన్నాడు. ఎవరూ చూడలేదు. నాలుగో రోజు తనే చెప్పుకోవలసి వచ్చింది. చెప్పుకోవడమంటే ఎంత కష్టంగా ఉండి ఉంటుందో!

సుంకులమ్మ ఏడ్చేసింది. "అయ్యో, పక్కనే కూర్చుని కూడా చూసుకోలేకపోయానే!" అంది.

"సర్లే, ఏడవకు. ఒరేయ్ కేదారీ, ఈ ఏడు గూడు నువ్వే అల్లాలిరా. మీ అమ్మ గుడ్లు పెట్టే వేళయింది. వాన రాకముందే అయిపోవాలి" అన్నాడు ఓబయ్య.

"వాడికేంటి, చదువుకున్నవాడు. చిటికెలో అల్లేస్తాడు" అంది సుంకులమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

కేదారి బొట్టుని అడిగాడు. బొట్టు వరసగా చెప్పింది. కేదారి వరసగా చేశాడు. మొదటి గూడు చూడముచ్చటగా వచ్చింది. మధ్యాహ్నం చిన్న గాలి వీచింది. గూడు మెల్లగా కొమ్మ మీంచి జారి, కలలో జారినట్టు, వాగులో పడి వెళ్ళిపోయింది.

"ముడి దగ్గర కొంచెం..." అని ఓబయ్య నోరు తెరిచాడు.

"నాన్నా! నువ్వు కళాశాల మెట్టు కూడా ఎక్కలేదు. నాకు చెప్పకు" అన్నాడు కేదారి.

ఓబయ్య దూరంగా వెళ్ళి ఇంకో కొమ్మ మీద కూర్చున్నాడు. మాట పెదవి దాటితే వెనక్కి రాదు పిల్లలూ. కేదారికి కూడా లోపల చురుక్కుమంది. అయినా తల తిప్పుకున్నాడు.

రెండో గూడు ఇంకా అందంగా వచ్చింది. సుంకులమ్మ వచ్చి పోచ లాగింది. ఆ పోచతో పాటు పది పోచలు ఊడి వచ్చాయి. పాపం, ఆవిడ కొడుకు తల నిమిరి వెళ్ళిపోయింది.

మూడో గూడు మొదలుపెట్టేసరికి కొండ వెనక మబ్బు నల్లబడింది. కేదారి బొట్టు దగ్గర కూర్చున్నాడు.

"ముడి ఎంత గట్టిగా బిగించాలి?" అని అడిగాడు.

"తగినంత" అంది బొట్టు.

"తగినంత అంటే ఎంత?"

"ఎంత అవసరమో అంత."

"అది ఎంతో చెప్పవే తల్లీ!"

బొట్టు కాసేపు ఆకులో అటూ ఇటూ దొర్లింది. "కేదారీ, నాకు ముక్కు లేదుగా! నేనెప్పుడూ ముడి వేయలేదు. వేసినవాళ్ళు చెప్పింది నీకు చెప్పాను, అంతే" అంది. దాని గొంతు అప్పుడు కూడా తియ్యగానే ఉంది.

కేదారి ఎలాగో మూడో గూడు పూర్తి చేశాడు. ఈసారి చుట్టాలందరూ వచ్చి కొమ్మల మీద వరసగా కూర్చున్నారు. పట్టా ఉన్నవాడి గూడు కదా, చూడాలని! "అబ్బ, ఎంత నున్నగా ఉందో!" అన్నారు. అందరి ముందు కొడుకు పరువు పోతుందేమోనని సుంకులమ్మ భయపడింది. అందుకని ఏనాడూ ఏ తల్లి గిజిగాడూ చేయని పని చేసింది.

"నేను పోచ లాగి చూడనురా కేదారీ. నిలుస్తుందని నువ్వు చెప్తే చాలు. లోపలికి వెళ్ళి గుడ్లు పెట్టేస్తాను" అంది.

ఊఁ అంటే అయిపోతుంది. ఒక్క ఊఁ! కేదారి కింద వాగు చూశాడు. అమ్మని చూశాడు. ఎన్నాళ్ళకో ఆవిడ మొహం సరిగ్గా చూశాడు. ఎంత అలసిపోయి ఉందో! ఆ కళ్ళలో అనుమానం లేదు. అదే భరించలేకపోయాడు.

"వద్దమ్మా, ఎక్కకు. ఇది నిలవదు. నాకు రాదు. నాలుగేళ్ళు చదివాను కానీ నాకు ముడి వేయడం రాదు" అన్నాడు.

చుట్టాలు గుసగుసలాడారు. "ర్యాంకు వాడట!" అని ఎవరో కిసుక్కున నవ్వారు. కేదారికి తల కొట్టేసినట్టయింది. అయినా ఎగిరి దూరపు కొమ్మ మీద నాన్న దగ్గర వాలాడు.

"నాన్నా, ఆ రోజు అలా అని ఉండకూడదు. తప్పయింది. ముడి తగినంత బిగించడం అంటే ఏంటో నేర్పవా?"

ఓబయ్య ఒక్క మాట కూడా ఎత్తిపొడవలేదు. "రా, వాన వచ్చేస్తోంది" అన్నాడు.

ఇద్దరూ కొమ్మ మీద పక్కపక్కన కూర్చున్నారు. పొగమంచు వాళ్ళ చుట్టూ తెల్లగా పరుచుకుంది. ఓబయ్య తన పగిలిన ముక్కుని కొడుకు ముక్కు పక్కనే ఆనించాడు.

"ఈత చీలిక పట్టుకో. కొమ్మ చుట్టూ తిప్పు. కిందనుంచి తియ్యి. ఇప్పుడు లాగు. ఇంకా. ఇంకా లాగరా. ముక్కు నొప్పెట్టిందా?"

"నొప్పెట్టింది నాన్నా."

"అదీ! అక్కడ ఆపు. తగినంత అంటే అదే."

కేదారి ఆ నొప్పిని గుర్తుపెట్టుకున్నాడు. ప్రతి ముడికీ ఆ నొప్పి వచ్చేదాకా లాగాడు. సాయంత్రానికి గూడు తయారైంది. వంకరగా ఉంది. ఒక పక్క లావు, ఒక పక్క సన్నం. చుట్టాల్లో ఒక్కరూ మెచ్చుకోలేదు. సుంకులమ్మ వచ్చి పోచ పట్టుకుని లాగింది. ఊడలేదు. కాళ్ళు తన్నిపట్టి లాగింది. ఊడలేదు. నవ్వుతూ లోపలికి వెళ్ళింది.

వాన ఏడు రోజులు కురిసింది. గూడు ఊగింది, తిరిగింది, పడలేదు. లోపల మూడు గుడ్లు వెచ్చగా ఉన్నాయి. బయట కొమ్మ మీద నాన్నా కొడుకూ తడుస్తూ కబుర్లు చెప్పుకున్నారు. వాన గురించి, ఈతాకుల గురించి, ఓబయ్య చిన్నప్పుడు వాళ్ళ నాన్న దగ్గర తిన్న తిట్ల గురించి.

ఎనిమిదో రోజు ఎండ వచ్చింది. తుమ్మచెట్టు కింద ఎవరో దగ్గారు. చూస్తే, తడిసి ముద్దయిన కొంగ మాస్టారు.

"కేదారీ, వానకి మా గూడు కొట్టుకుపోయింది. పిల్లలు చెట్టు కింద ఉన్నారు" అన్నారు. కాసేపు నేల చూపులు చూశారు. "నాలుగేళ్ళు నీకు పాఠం చెప్పాను గానీ, నిజం చెప్పాలంటే నాకూ ముడి రాదయ్యా. నేర్పుతావా?"

కేదారి తండ్రి వైపు చూశాడు. ఓబయ్య కొంచెం పక్కకి జరిగి కొమ్మ మీద చోటు చేశాడు.

"రండి మాస్టారూ, ఇలా కూర్చోండి" అన్నాడు కేదారి.

నీతి: పట్టా చేతికొచ్చిన రోజు చదువు పూర్తవదు, "నాకు రాదు" అని సిగ్గు విడిచి అడిగిన రోజే అది మొదలవుతుంది.