తెర పక్కన కాకి

కొరియా ఒడ్డున జంతువులకొక బడి ఉంది. సముద్రానికి అవతల, జపాన్ ఒడ్డున ఇంకొకటి ఉంది. రెండు బడుల్లోనూ గోడకు తెర ఉంది. అందులో ఇటువాళ్లు అటువాళ్లకు కనిపిస్తారు, వినిపిస్తారు. జంతువులకు నెట్ ఎవరిచ్చారని అడక్కండి. జంతువులు మాట్లాడతాయంటే ఒప్పుకున్నారు కదా, నెట్ దగ్గర పేచీ దేనికి?

ఇటు బడిలో బోమి అనే కుందేలు, నూరి అనే ఎద్దు ఉన్నారు. బోమికి బుర్ర చురుకు. నూరికి ఓపిక ఎక్కువ, కానీ ఒకసారి కోపం వచ్చిందంటే తొందరగా దిగదు. అటు బడిలో కెంటా అనే కోతి, మిదోరి అనే జింకపిల్ల. ఒకరి భాష ఒకరికి రాదు. అందుకని మధ్యలోకి కాకి దిగాడు.

కాకి చేపల పడవల మీద కూర్చుని రెండు దేశాలూ తిరిగిన ఘటం. రెండు భాషలూ నమిలి మింగాడు. ఇటు తెర పక్కన వాలి, "మీ మాటలు అటూ ఇటూ నేను మోస్తాను. ఊరికే. అంతా సేవే" అన్నాడు. ఊరికే చేస్తానన్న కాకిని ఎందుకని అడగాలి కదా? ఎవరూ అడగలేదు.

మొదటి రోజు సరదాగా గడిచింది. బోమి కిమ్చీ జాడీ మూత తీసి చూపించింది, అచ్చం మన ఊరగాయ జాడీలాగే ఉంది. కెంటా నెత్తిన తడి తువ్వాలు వేసుకుని, చలికాలంలో వేడినీటి గుంటలో ఎలా కూర్చుంటాడో చూపించాడు. కాకి అన్నీ ఉన్నదున్నట్టే చెప్పాడు. సెలవు తీసుకునేటప్పుడు ఇటువాళ్లూ వంగి దండం పెట్టారు, అటువాళ్లూ వంగి దండం పెట్టారు. దానికి కాకి సాయం అక్కర్లేకపోయింది. వంగని వాడు కాకి ఒక్కడే. అతని చూపు కిటికీలోంచి ఒడ్డు మీదికి పోయింది.

ఆ ఒడ్డు చూస్తే ఏడుపొస్తుంది. తెగిన వలలు, థర్మాకోల్ డబ్బాలు, సగం తిన్న నూడుల్స్ కప్పులు, వలల్లో చిక్కి చచ్చిన చేపలు. కాకికి మాత్రం అది నిత్య సంతర్పణ.

ఏటా వేసవిలో తాబేలు అవ్వ ఆ ఇసుకలో గుడ్లు పెట్టేది. కిందటేడు ఆమె కాలు వలలో చిక్కింది. బోమి పళ్లతో కొరికి విడిపించింది. అవ్వ గుడ్లు పెట్టకుండానే వెనక్కి తిరిగింది.

"మళ్లీ ఏడూ ఇలాగే ఉంటే ఇక నన్ను మరిచిపోండి, పిల్లల్లారా" అంది అవ్వ.

"నీకు ఇసుక చూపిస్తానవ్వా. మాట" అంది బోమి.

మాట ఇచ్చింది కానీ, ఎంత ఎత్తినా అల కొత్తది తెచ్చి పోసేది. ఇటుది అటు పోతోంది, అటుది ఇటు వస్తోంది. రెండు ఒడ్లూ ఒకే రోజున ఎత్తితే తప్ప ఇసుక బయటపడదు.

అందుకే రెండో రోజు బోమి తెర ముందు నిలబడి, "మా ఒడ్డు మేం ఎత్తుతాం. అదే రోజు మీ ఒడ్డు మీరు ఎత్తుతారా?" అని అడిగింది.

తన సంతర్పణకు ఎసరొచ్చిందని కాకికి అర్థమైంది. తెర వైపు తిరిగి జపాన్ భాషలో, "ఈ చెత్తంతా మీదేనట. మీవల్ల అవ్వ గుడ్లు పోయాయట" అన్నాడు.

మిదోరి ముఖం వాడిపోయింది. ఏదో మెల్లగా చెప్పింది. చెప్పి, ముక్కు నేలకు తగిలేదాకా వంగింది. ఎంతసేపటికీ లేవలేదు.

కాకి అప్పటికే కిటికీ వైపు తిరిగి ఒక చేపతల మీద కన్నేశాడు. అటే చూస్తూ, "సిగ్గు లేదా అని తిడుతోంది" అన్నాడు.

నూరి కొమ్ములు ఊపాడు. "తెర ఆపెయ్! వీళ్లతో మనకి మాటలేంటి?"

బోమి ఆపలేదు. నూరిని బయటికి లాక్కెళ్లింది.

"తిట్టేవాళ్లు అంత కిందికి వంగుతారా, నూరీ? మన దగ్గరైనా అంత వంగేది ఎప్పుడు?"

నూరి నెమరు ఆపి ఆలోచించాడు. "తప్పైపోయింది అనేటప్పుడు."

"మరి?"

"కాకి!" అన్నాడు నూరి. "పిల్లుల తగువు కోతి తీర్చినట్టని విన్నాను. ఇక్కడ కోతి పాపం తగువులో ఇరుక్కుంది, తీర్చేవాడు కాకి అయ్యాడు. ఉండు, తొక్కేస్తాను."

"తొక్కేస్తే అటువాళ్లకు మన మాట ఎవరు చెప్తారు? అవ్వ వచ్చే రోజులు దగ్గర పడ్డాయి. ముల్లును ముల్లుతోనే తియ్యాలి. నువ్వు నోరు మూసుకుని నెమరు వేసుకో."

బోమి లోపలికెళ్లి కాకి పక్కన కూర్చుంది.

"మామా, ఎండలో ఒడ్డంతా గెంతుతూ ఏరుకు తింటున్నావు. చూస్తే కడుపు తరుక్కుపోతోంది."

"ఏం చేస్తాం తల్లీ, పొట్ట తిప్పలు."

"అదంతా ఏరి, అల తగలని బండ మీద ఒక్కచోట కుప్ప పోస్తే? ఇటు మేం పోస్తాం. అదే రోజు అటువాళ్లనీ పొయ్యమను. కూర్చుని తినొచ్చు."

కాకి ముక్కు తుడుచుకున్నాడు. "రెండు ఒడ్లలోనూ రెండు కుప్పలా! వాళ్లు ఒప్పుకుంటారంటావా?"

"నువ్వు చెప్పడంలో ఉంటుంది మామా. నోరు మంచిదైతే ఊరు మంచిది."

కాకి తెర ముందుకు దూకాడు. ఆ రోజు మాట్లాడినంత తియ్యగా పుట్టాక ఎన్నడూ మాట్లాడలేదు. ఒకే రోజు ఎత్తాలన్నాడు, సముద్రం బాగా వెనక్కి తగ్గే రోజైతే మంచిదన్నాడు, నీళ్లలో తేలేది కూడా తియ్యమన్నాడు, చివరి తాడుముక్క కూడా వదలొద్దని బతిమాలాడు. కెంటా ఎగిరి గంతేశాడు. మిదోరి మళ్లీ వంగింది, ఈసారి నవ్వుతూ. బోమి కూడా అంతే కిందికి వంగింది.

"వాడు నిజమే చెప్పాడని ఏంటి నమ్మకం?" అన్నాడు నూరి గుసగుసగా.

"ఆకలితో చెప్పాడు. ఒక్క ముక్క తప్పు పోదు."

అనుకున్న రోజు రానే వచ్చింది. తెరలు రెండూ ఒడ్డుకు తెచ్చి బండలకు ఆనించారు. బోమి వలలు కొరుకుతుంటే నూరి లాగాడు. మధ్యాహ్నానికి వాన పట్టుకుంది. బోమి చిగుళ్లు పగిలి రక్తం వచ్చింది. నూరి ఇసుకలో మోకాళ్ల దాకా కూరుకుపోయి, "ఇక నావల్ల కాదే" అని కూలబడ్డాడు.

తెరలో కెంటా బండ మీంచి జారి, నడ్డి విరిగేలా పడ్డాడు. పడి, లేచి, అదే తాడు మళ్లీ పట్టుకున్నాడు. లేస్తూ ఏదో అరిచాడు.

"ఏమంటాడు?" అన్నాడు నూరి.

"నాకేం తెలుసు? వాడు మాత్రం లేచాడు" అంది బోమి.

నూరి లేచాడు. మళ్లీ కూర్చోలేదు. చీకటి పడేలోగా రెండు ఒడ్లలోనూ ఇసుక కనిపించింది. బోమికి నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

మర్నాడు కాకి రెక్కలు దువ్వుకుని, కడుపు ఖాళీ పెట్టుకుని విందుకొచ్చాడు. బండ మీద కుప్ప లేదు. నూరి దాన్నంతా బండికెత్తి, ఊరి చెత్తలారీ ఆగే చోట దింపేసి వస్తున్నాడు. ఒక ఆకులో మాత్రం నాలుగు చేపతలలున్నాయి.

"నీ కూలి, మామా" అంది బోమి. "ఊరికే చెయ్యించుకోవడం మాకు అలవాటు లేదు."

"మోసం! నా కుప్ప ఏది?"

"పొయ్యమన్నావు, పోశాం. ఉంచమని నువ్వు చెప్పలేదు, మేమూ మాటివ్వలేదు."

కాకి తిట్టుకుంటూ చేపల పడవెక్కి జపాన్ ఒడ్డుకు పోయాడు. అక్కడా కుప్ప లేదు, ఇసుక ఇంకా శుభ్రంగా ఉంది.

కొన్నాళ్లకు తాబేలు అవ్వ వచ్చింది. మెత్తటి ఇసుకలో గుంట తీసి, గుడ్లు పెట్టి, పూడ్చి, బోమి వైపు తిరిగింది.

"నువ్వు మాట నిలబెట్టుకున్నావే. దారిలో అటు ఒడ్డున ఆగాను, వాళ్ల మాట నాకూ కాస్త వచ్చు. అవతలి జింకపిల్ల నిన్నొకటి అడగమంది. మా చెత్త కూడా మీ ఒడ్డుకొచ్చి ఉంటుంది, క్షమించండి అందిట ఆ రోజు. మీకు వినిపించిందా అని దాని దిగులు."

"వినిపించలేదవ్వా. కనిపించింది. కనిపించిందని చెప్పు" అంది బోమి.

ఇప్పుడు తెర పక్కన కాకి లేడు. పిల్లలు వల ఎత్తి చూపించి మేం దీన్నిలా అంటాం, మీరేమంటారు అని నేర్చుకుంటున్నారు. కాకి కిటికీ మీద వాలి, తప్పు పలికినప్పుడల్లా సరిదిద్దబోతాడు. ఎవరూ అతని వైపు తిరగరు.

నీతి: మాట మోసేవాడి మాట నమ్మే ముందు, అతని కంచం ఎక్కడుందో చూసుకోవాలి.